కొత్తగా ఊరికొచ్చిన కుటుంబంతో మైపాడు బీచ్‌కు: సగం రోజు షికారు ఎలా నడపాలి

పక్క వాటాలోకి ఒడిశా నుంచో, బెంగాల్ నుంచో, మణిపూర్ నుంచో ఒక కుటుంబం దిగింది. ఆయనకు కృష్ణపట్నం వైపు ఉద్యోగం. ఆమెకు తెలుగు రాదు. పిల్లలు మాత్రం మీ పిల్లలతో వారం తిరక్కుండానే కలిసిపోయారు. "ఆదివారం మాతో బీచ్‌కి రాకూడదూ" అని మీరు నోటిమాటగా అనేశారు, వాళ్లూ సరేనన్నారు. ఇక్కడినుంచి ఏం చేయాలో చూద్దాం.

ఇలాంటి షికార్లు ఎక్కువగా చెడేది మర్యాద తక్కువై కాదు, ఎక్కువై. పొద్దున గుడి, అక్కణ్నుంచి బీచ్, మధ్యాహ్నం హోటలు, సాయంత్రం ట్రంకు రోడ్డులో షాపింగు, దారిలో పెద్దమ్మగారింట్లో కాఫీ. మనకిది మామూలే. భాష రానివాళ్లకు మాత్రం పదిగంటల పాటు నవ్వుతూ కూర్చోవడం పెద్ద పని. అలసిపోయామని మొహమాటానికి చెప్పరు, చెప్పరు కాబట్టి మనం ఆపం. అందుకే మొదటిసారికి ఒకే చోటు, ఒకటే పూట. పొద్దున 6కు బయల్దేరి 11కల్లా ఇల్లు చేరాలి. భోజనం మీ ఇంట్లో పెట్టి, 2 గంటలకల్లా వాళ్లింటికి పంపేయాలి.

చోటు, రోజు

నెల్లూరు వాళ్లకు మైపాడు సుమారు 25 కిలోమీటర్లు, ముప్పావు గంట దారి. ఒంగోలు వాళ్లైతే ఈ వరుసే కొత్తపట్నానికి వాడుకోవచ్చు. దూరం ఇంకా తక్కువ. కొండరాతిలో తొలిచిన ఎనిమిది గుళ్లున్న భైరవకోన, విజయనగర రాజుల నాటి కంభం చెరువు, గూడబాతుల కోసం నేలపట్టు (ఇది 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది) అన్నీ చూపించదగ్గవే. కానీ అవి రెండో, మూడో షికారుకు. మొదటిసారే రెండు మూడు గంటల ప్రయాణం పెట్టుకోకండి.

కాలం సంగతి ముఖ్యం. మన తీరానికి పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి, వాయుగుండాలూ అప్పుడే. జనవరి, ఫిబ్రవరి నెలలు హాయి. సంక్రాంతి సెలవుల్లో మైపాడు కిక్కిరిసిపోతుంది. కార్తీక పౌర్ణమి నాడు సముద్ర స్నానాలకు వచ్చే జనంలో పిల్లల చెయ్యి వదిలితే వెతుక్కోవాల్సిందే. ఆ రోజులు వదిలేసి మామూలు ఆదివారం చూసుకోండి. శనివారమైతే ఇంకా మేలు.

కార్తీక వనభోజనాలకు తీసుకెళ్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మీ వీధివాళ్లో, ఆఫీసువాళ్లో పెట్టుకునేదైతే తీసుకెళ్లండి. కులం పేరున బ్యానరు కట్టి పెట్టే వనభోజనాలకు మాత్రం వద్దు. అక్కడ ప్రతివాళ్లూ "వీళ్లెవరు" అని అడుగుతుంటే వాళ్లూ ఇబ్బంది పడతారు, మీరూ ఇబ్బంది పడతారు.

నాలుగు రోజుల ముందు అడగాల్సినవి

"మీరు వెజ్జా, నాన్ వెజ్జా?" అన్న ప్రశ్న పనికిరాదు. బెంగాలీ, ఒడియా ఇళ్లలో రోజూ చేప తినేవాళ్లు కొన్ని వారాల్లో, తిథుల్లో ముట్టరు. జైనులైతే ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప కూడా తినరు. ముస్లిం కుటుంబమైతే చేపకు ఇబ్బంది లేదు, మాంసం హలాల్ అయి ఉండాలి. అందుకని విడివిడిగా అడగండి: గుడ్డు తింటారా? చేప? ఉల్లి, వెల్లుల్లి? ఆ ఆదివారం ఉపవాసం ఏమైనా ఉందా? పిల్లలకు ఏదైనా పడదా?

చివరి ప్రశ్న తప్పనిసరి. మన పులిహోరలో వేరుశనగ గుళ్లు, పొడుల్లో వేరుశనగ, తీపిలో జీడిపప్పు. మనకు కనపడకుండానే అన్నింట్లోనూ ఉంటాయి. వేరుశనగ పడని పిల్లాడికి ఒక్క గుండైనా ప్రమాదమే. తూర్పు ఆసియా దేశాల నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి పాలు అరగవు. వాళ్లకు గ్లాసుడు మజ్జిగ బలవంతాన తాగించకండి.

అడిగాక ఒక చిన్న సందేశం పంపండి. నోటితో చెప్పింది సగం అర్థం కాదు. రాసి పంపితే వాళ్ల భాషలోకి ఫోన్లోనే మార్చుకుని చదువుకుంటారు. ఇలా ఉంటే చాలు: "ఆదివారం పొద్దున 6కు మా కారులో వెళ్దాం. 11కు తిరిగి వస్తాం. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. నీళ్లలో దిగేవాళ్లు ఇంకో జత బట్టలు, తువ్వాలు తెచ్చుకోండి. మోకాళ్లు దాటిన బట్టలైతే సౌకర్యంగా ఉంటుంది. ఒక చిన్న వంటకం ఏదైనా మీరూ తెస్తే మాకు సంతోషం."

ఆఖరి వాక్యాన్ని మొహమాటపడి తీసేయకండి. చేతులూపుకుంటూ రావడం ఎవరికైనా బరువే. ఒక డబ్బాలో ఏదో తెచ్చుకుంటే వాళ్లకూ పెట్టే హక్కు వస్తుంది. డబ్బు సంగతీ అంతే. "పెట్రోలు మాది, కొబ్బరిబొండాలు మీవి" అని నవ్వుతూ ముందే పంచేస్తే బండి దగ్గర పర్సుల పోట్లాట ఉండదు.

మీ ఇంట్లోవాళ్లకు చెప్పాల్సినవి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. జీతం ఎంత, మీరేమిట్లు (మీదే కులం), రెండో బిడ్డ ఎందుకు లేదు, కళ్లు అలా ఎందుకున్నాయి అనే నాలుగు ప్రశ్నలు ఎవరూ అడగకూడదని ముందురోజు రాత్రే ఇంట్లో అందరికీ చెప్పండి. ఈశాన్య రాష్ట్రాల వాళ్లను చైనావాళ్లనుకోవడం, సరదాకైనా అలా పిలవడం చాలా బాధపెడుతుంది. పిల్లలకు మరీ గట్టిగా చెప్పాలి. వాళ్ల బిడ్డ బుగ్గలు పిండడం, జుట్టు పట్టుకుని చూడడం వద్దు. ఫోటోలు తీశాక స్టేటస్‌లో పెట్టేముందు అడగాలి.

మన మాటలు కొన్ని వాళ్లను తికమక పెడతాయి. ఔననడానికి మనం తల అటూ ఇటూ ఊపుతాం, వాళ్లకది కాదన్నట్టు కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు "వస్తాం" అంటాం. ఆ ముక్క ఒక్కటే తెలిసినవాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారోనని ఎదురుచూస్తారు. "తిన్నారా?" అన్నది మనకు పలకరింపు, వాళ్లకు నిజమైన ప్రశ్న. లేదని చెప్తే వంట మొదలుపెడతారేమోనని భయపడి తిన్నామనేస్తారు. తినకుండానే. అందుకని ఆ రోజు తలూపకుండా నోటితో చెప్పండి.

తెల్లవారుజామున మూట కట్టాల్సినవి

బీచ్‌లో తినేది టిఫినే. రెండు కుటుంబాలు కలిపి తొమ్మిది మంది అనుకుంటే, 25 ఇడ్లీలు, ముప్పావు కిలో బియ్యం పులిహోర, డజను అరటిపళ్లు, కొంచెం పెరుగన్నం సరిపోతాయి.

పులిహోరకు 90 గ్రాముల చింతపండు రాత్రే వేడినీళ్లలో నానేసి, చిక్కటి గుజ్జు తీసి, 120 మిల్లీలీటర్ల నూనెలో పసుపు, ఉప్పు, పచ్చిమిర్చితో కలిపి నూనె పైకి తేలేదాకా ఉడికించి ఉంచండి. పచ్చిమిర్చి ఆరు చాలు. సన్నగా తరగొద్దు, నిలువుగా ఒక్క చీలికపెట్టి కాయ కాయగానే వేస్తే కారం తినలేనివాళ్లు ఏరి పక్కన పెట్టుకుంటారు. అన్నం పొద్దున 4కు పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాకే గుజ్జు కలపాలి. వేడిమీద కలిపి డబ్బాలో మూత పెట్టేస్తే లోపల చెమట పడుతుంది, ఎండ ఎక్కేసరికి జిగురొచ్చి వాసన కొడుతుంది. దారిలో పులిహోర పాడైందంటే చాలాసార్లు కారణం ఇదే. వేరుశనగ పడనివాళ్లు ఉంటే తాలింపులో శనగపప్పు, మినప్పప్పు మాత్రమే వేయండి.

పెరుగన్నానికి పావుకిలో బియ్యం మెత్తగా వండి మెదిపి, గోరువెచ్చటి పాలు అర లీటరు, పెరుగు చిన్న గిన్నెడు కలపండి. అంతా పెరుగే పోస్తే 8 గంటలకే పుల్లబడుతుంది. పాలు ఎక్కువ, పెరుగు తక్కువైతే తినే వేళకు కమ్మగా తోడుకుంటుంది. ఉప్పు తినేముందు వేయండి.

కారప్పొడి, నెయ్యి వేరే డబ్బాల్లో. పొడి ఇడ్లీలకు రాసి తీసుకెళ్లకండి. మన "కొంచెం కారం" అన్నమాటను నమ్మడానికి లేదు. పప్పులో కూడా మిరపకాయలు తుంచేసే జిల్లా మనది. వంట చేసినవాళ్లు కాకుండా, ఇంట్లో కారం తక్కువ తినే పిల్లాడితో రుచి చూపించండి. వాడు "హా" అనకుండా తింటే అది వాళ్లకు సరిపోతుంది.

నీళ్ల లెక్క దగ్గర చాలామంది తప్పుతారు. తాగడానికి మనిషికి లీటరున్నర చొప్పున 14 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్ ఒకటి. ఉప్పునీళ్లు కడుక్కోవడానికి ఇంకో 20 లీటర్లు వేరే క్యాన్లో, దాంతో ఒక బకెట్టు, మగ్గు. చాప రెండు, పట్టా ఒకటి, పెద్దవాళ్లు కూర్చోవడానికి మడత స్టూలు, ఓఆర్ఎస్ పొట్లాలు, ప్లాస్టర్లు, చెత్తకు రెండు పెద్ద సంచులు. ఇంకొకటి మర్చిపోవద్దు: పాత నేత చీర. బట్టలు మార్చుకునే గదులు ఎలా ఉంటాయో చెప్పలేం. కారు తలుపు పక్కన ఇద్దరు ఆడవాళ్లు చీర చుట్టూ పట్టుకుంటే నిమిషంలో గది తయారు.

దారిలో

రెండు కార్లుంటే వాళ్లను ఒక దాంట్లో, మిమ్మల్ని ఒక దాంట్లో వేసుకోకండి. పిల్లలందరినీ ఒక చోట వేయండి, వాళ్ల అమ్మను మీ ఇంటి ఆడవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ఆ తల్లిదండ్రుల్లో ఒకరైనా పిల్లలతో ఉండాలి, లేకపోతే ఆ తల్లి దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంటుంది.

నెల్లూరులోని మైపాడు గేటు దాటాక ఇందుకూరుపేట వైపు వరిపొలాలు, ఆ పైన రొయ్యల గుంటలు. చూపించడానికి ఇదే అసలు సరుకు. నెల్లు అంటే వడ్లని, దానివల్లే నెల్లూరయిందని చెప్పుకుంటారని చెప్పండి. గుంటల్లో గిరగిరా తిరిగే చక్రాలు చూసి పిల్లలు తప్పకుండా అడుగుతారు. అవి ఏరేటర్లు. రొయ్యలకు ఊపిరి అందడానికి నీళ్లను చిలికి గాలి కలుపుతాయి. రాత్రిపూట కరెంటు పోయి అవి ఆగితే తెల్లారేసరికి గుంట మొత్తం పోవచ్చు, అందుకే గట్టుమీద జనరేటరు ఉంటుంది. దిగి చూడాలనుకుంటే గట్టు ఎక్కకండి, రోడ్డు మీదినుంచే చూడండి. బయటివాళ్ల కాళ్లతో రోగాలు వస్తాయని రైతులు ఎవర్నీ రానివ్వరు, వాళ్ల భయం న్యాయమైనదే.

నీళ్ల దగ్గర

జనవరిలో 6:30 దాటాక పొద్దు పొడుస్తుంది. సముద్రంలోంచి సూర్యుడు లేవడం చూడని ఊళ్లవాళ్లైతే 5:30కే బయల్దేరండి, అడిగి చూడండి.

దిగకముందే హద్దు గీయాలి. ఎవరైనా సరే మోకాళ్ల లోతు, అంతే. ఇసుకలో రెండు కర్రలు పాతి వాటి మధ్యే ఆడమనండి. నదుల్లో, చెరువుల్లో ఈత వచ్చినవాళ్లే ఎక్కువ మోసపోతారు. చెరువు నీళ్లు వెనక్కి లాగవు. సముద్రంలో అల వచ్చాక నీళ్లు కొన్నిచోట్ల ఒక కాలవలా చేరి లోపలికి పోతాయి. ఆ చోట అలలు విరగవు, నీళ్లు నిమ్మళంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. చూసినవాళ్లకు అదే మంచి చోటనిపిస్తుంది. ఎవరైనా అందులో పడితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగాలి. ఈ ఒక్క సంగతి వాళ్ల భాషలో అనువదించి దిగకముందే చదివించండి. ఒడ్డున ఒక పెద్దమనిషి ఫోన్ చూసుకోకుండా పిల్లల తలలు లెక్కపెడుతూ ఉండాలి. అరగంటకొకరు మారండి. చీరతో మోకాళ్లు దాటి దిగడం ఆడవాళ్లకూ ప్రమాదమే. తడిసిన కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. ఏదైనా జరిగితే 112, 108.

జనవరి నుంచి మార్చి దాకా సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. వలల్లో పడి చచ్చినవి కొన్ని ఇసుకలోకి కొట్టుకొస్తాయి. చిన్నపిల్లలు ఉంటే ముందు మీరు నడిచి చూసి, అటువైపు కాకుండా తీసుకెళ్లండి. పెద్ద పిల్లలు చూసి అడిగితే చెప్పండి, దాచేదేం లేదు. చెప్పులు మాత్రం విప్పనివ్వకండి. చేపముళ్లు, పగిలిన సీసాలు రెండూ ఉంటాయి.

మనిషి తీరు వేరుగా కనిపిస్తే సెల్ఫీలకు కుర్రాళ్లు చేరతారు. ఒకరు మొదలుపెడితే పదిమంది వస్తారు. అతిథిని అడగనీయకుండానే మీరు మధ్యలో నిలబడి "వద్దన్నా, ఇంట్లోవాళ్లతో వచ్చాం" అనండి. చాలావరకు అక్కడితో ఆగుతుంది.

తినేటప్పుడు

గాలికి విస్తరాకులు లేచిపోతాయి. బీచ్‌కు అంచున్న పళ్లేలే మంచివి. ఇసుక పడకుండా సరుగుడు చెట్ల నీడలోకి, నీళ్లకు కాస్త దూరంగా పట్టా పరవండి. స్పూన్లు అందరి పళ్లేల్లోనూ పెట్టండి, వాళ్లకొక్కరికే ఇస్తే గుర్తుపట్టి చూపినట్టుంటుంది. చేత్తో తింటామంటే సంతోషం, కానీ ఎలా తినాలో నేర్పుతూ చుట్టూ కూర్చుని చూడకండి.

ఎంగిలి పట్టింపు మనకు పుట్టుకతో వచ్చింది. చాలా చోట్ల ఆ మాటే లేదు. సీసా నోటికి పెట్టుకుని తాగి మీకు అందిస్తారు, తాము తింటున్న స్పూనుతోనే గిన్నెలోంచి తీసుకుంటారు. ముసలమ్మ "అయ్యో" అని చెయ్యి వెనక్కి తీసుకుందంటే ఆ ముఖాలు చిన్నబోతాయి. చెప్పడం కంటే ఏర్పాటు మేలు: ఒక్కొక్కరికి ఒక గ్లాసు, దాని మీద పేరు, వడ్డించేది మీ ఇంటివాళ్లొక్కరే. సంగతే రాదు.

మూడు మాటలు నేర్పండి: నీళ్లు, కొంచెం, చాలు. మూడోది నేర్పాక దాన్ని మీరు మన్నించాలి. "ఏం తిన్నావమ్మా, ఇంకొక్క ఇడ్లీ" అని వాళ్ల చెయ్యి అడ్డుపెట్టినా వేసేయడం మనకు ప్రేమ. పారేయడం తప్పనుకునేవాళ్లు ఆ ఇడ్లీని కష్టపడి తింటారు. చాలు అన్నాక ఒక్కసారి అడగండి, రెండోసారి వద్దు.

వాళ్లు తెచ్చిన డబ్బా ముందు తెరవండి. మీ పిల్లలు ముక్కు మూసుకోకుండా నిన్నరాత్రే చెప్పి ఉంచారు కదా. ఈశాన్యం వాళ్ల పులియబెట్టిన చేప వాసన కొత్తగా ఉంటుంది. మన ఎండుచేపల వాసన వాళ్లకు ఎలా ఉంటుందో తలుచుకుంటే సరిపోతుంది.

గుడి సంగతి

వాళ్లే అడిగితే తిరుగు దారిలో పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడికి అరగంట పెట్టుకోండి. మధ్యాహ్నం తలుపులు మూస్తారు కాబట్టి ముందే వెళ్లాలి, తడిబట్టలతో కాదు. లోపల రెండు విషయాలు చెప్పి ఉంచాలి. తీర్థం కుడి అరచేతిలో పోస్తారు, తాగాలి. అర్చకులు శఠగోపం తలమీద పెడతారు, తల వంచితే చాలు. తెలియనివాళ్లు దాన్ని చూసి ఉలిక్కిపడి వెనక్కి జరుగుతారు. రాలేనివాళ్లను కారణం అడగొద్దు. "గాలిగోపురం దగ్గర కూర్చుందాం" అని మీలో ఒకరు వాళ్లతో ఉండిపోండి. బారాషహీద్ దర్గా రొట్టెల పండగ కూడా చూపించాల్సిందే. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు అందుకుంటారు, మతం ఎవరూ అడగరు. కానీ స్వర్ణాల చెరువు దగ్గర ఆ రోజుల్లో ఉండే జనంలోకి చిన్నపిల్లలతో, మొదటి పరిచయంలో వద్దు.

ఇంటికొచ్చాక

చేపల పులుసు బీచ్‌కు తీసుకెళ్లకండి. కారు కుదుపులకు ముక్కలు విరుగుతాయి, పులుసు మూత దాటుతుంది. రాత్రే వండి ఇంట్లో ఉంచితే మధ్యాహ్నానికి ఉప్పూ పులుపూ ముక్కకు పడతాయి. బెంగాలీలు, ఒడియావాళ్లయితే బొచ్చె ముళ్లు మనకంటే బాగా తీస్తారు. చేప అలవాటు లేనివాళ్లకు వంజరమో, కొరమీనో తేవాలి. కిలో చేపకు మీరు మూడు టేబుల్ స్పూన్ల కారం వేసేవాళ్లైతే ఒకటిన్నర వేసి, తగ్గిన చిక్కదనానికి ధనియాల పొడి ఇంకో చెంచా పెంచండి. ఎక్కువైన కారాన్ని తర్వాత తీయలేం, నీళ్లు పోస్తే పులుసు చెడుతుంది. మామిడికాయ జనవరిలో దొరక్కపోతే టమాటా, చింతపండే. ముక్కలు వేశాక గరిటె పెట్టొద్దు, చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పండి. పక్కన ముద్దపప్పు, నెయ్యి, కారం లేని బంగాళాదుంప వేపుడు ఉంటే పిల్లలు ఆకలితో ఉండరు.

వెళ్లేటప్పుడు ఆడవాళ్లకు తాంబూలం ఇవ్వాలనిపిస్తే ఎందుకిస్తామో ఒక ముక్క చెప్పి ఇవ్వండి. బొట్టు పెట్టేముందు అడగండి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు పళ్లు, తీపి చాలు. వాళ్లు తెచ్చిన డబ్బా మాత్రం కడిగి ఖాళీగా ఇవ్వకండి. నాలుగు మలై కాజాలు పెట్టి, పాలమీగడ తీపి కాబట్టి రేపటికల్లా తినేయమని చెప్పండి.